‘ఓర్చుకో’ అనకండి: వెజైనల్ డైలేటర్ల గురించి అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగు భాగపు కండరాలు) ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కాపురముండే తెలుగు అమ్మాయిలూ వస్తారు, హిందూపురం, అనంతపురం నుంచి క్యాన్సర్ వైద్యానికి ఈ ఊరొచ్చిన అమ్మలూ వస్తారు. నాకు తెలుగు వచ్చని తెలియగానే గొంతు తగ్గించి అసలు సంగతి చెబుతారు. డైలేటర్ చూపించగానే మాత్రం అందరి ముఖంలోనూ ఒకటే భయం. అది యోనిలో పెట్టుకోవడానికి సిలికాన్‌తోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన నున్నటి కడ్డీ, అంతే. చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా సెట్టుగా వస్తాయి. చాలా సెట్లలో అన్నిటికంటే చిన్నది చిటికెన వేలంత ఉంటుంది.

అపోహ: యోని దారి ఇరుకుగా ఉంది కాబట్టి దీంతో సాగదీస్తారు.

వాస్తవం: వెజినిస్మస్ (లోపలికి ఏదైనా వెళ్లబోతే యోని చుట్టూ కండరాలు వాటంతటవే బిగుసుకుపోవడం) ఉన్నవాళ్లలో చాలామందికి దారి మామూలుగానే ఉంటుంది. బిగుసుకునేది చుట్టూ ఉన్న కండరం. సూది చూడగానే చెయ్యి బిగుసుకుంటుందే, అలాగన్నమాట. కావాలని చేసేది కాదు. పెళ్లయి మూడేళ్లయిన ఒకామె, "గోడ తగిలినట్టు ఉంటుంది మేడమ్" అంది. మొదటి రోజు చిన్న డైలేటర్ అరచేతిలో పెట్టానో లేదో, కాలివేళ్లు ముడుచుకుపోయాయి, భుజాలు చెవుల దాకా లేచాయి, ఊపిరి ఆగిపోయింది. ఆ రోజు ఇంకేమీ చేయలేదు. పొట్ట నిండేలా గాలి పీల్చి మెల్లగా వదలడం నేర్పి పంపాను. రెండో వారం తన చేత్తోనే, బయటే ఆనించి ఉంచింది. లోపలికి వెళ్లింది ఆ తర్వాతే. ప్రమాదమేమీ లేదని ఆ కండరానికి నమ్మకం కుదిరించడమే డైలేటర్ పని. ఎంతసేపు, ఎంత లోపలికి, ఎప్పుడు ఆపాలి అన్నవి ఆమె ఇష్టం.

అపోహ: నొప్పి ఓర్చుకుంటేనే గుణం కనిపిస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే కోపం తెప్పించే మాట ఇదే. మన ఆడపిల్లలకు ‘ఓర్చుకో’ అని చెప్పనివాళ్లు లేరు. నొప్పి పెడుతూ చేస్తే కండరం భయం ఇంకా ముదురుతుంది. కాస్త ఒత్తిడి, సాగినట్టు అనిపించడం మామూలే. నొప్పి పదికి మూడు దాటితే ఆగండి, లేదా అంతకుముందు వాడిన చిన్న సైజుకు తిరిగి రండి. ఇంకో సంగతి, ఎవరో చెప్పారని కెగెల్ వ్యాయామాలు (ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు) మొదలుపెట్టేవాళ్లున్నారు. అసలే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరగొచ్చు.

అపోహ: ఇవి భార్యాభర్తల కలయిక కోసమే.

వాస్తవం: గర్భసంచి మూతి క్యాన్సర్‌కు రేడియేషన్, మనవాళ్ల మాటలో ‘కరెంటు పెట్టించుకున్న’ ఒక అమ్మకు డైలేటర్ ఇచ్చాను. భర్త పోయి చాలా ఏళ్లయింది. "ఈ వయసులో నాకెందుకమ్మా ఇవి?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్కనున్న కూతురు తలెత్తలేదు. రేడియేషన్ తర్వాత యోని గోడలు పొడిబారి, మచ్చకట్టి, ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అలా మూసుకుపోతే డాక్టర్ లోపల చూసి పరీక్ష చేయడం కష్టమవుతుంది. జబ్బు మళ్లీ వచ్చిందేమో చూడాల్సింది ఆ చోటే కదా! అందుకే రేడియేషన్ పూర్తయిన కొన్ని వారాలకు, పుండు మానాక, సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఐదు పది నిమిషాల చొప్పున వాడమంటారు. ఎప్పుడు మొదలుపెట్టాలో మీ క్యాన్సర్ డాక్టరే చెప్పాలి. వాడాక ఒకటి రెండు చుక్కలు కనిపించవచ్చు. అంతకు మించి రక్తం పోతే వెంటనే చూపించుకోండి. ఆ అమ్మ ఇప్పుడు తన సెట్టును కందిపప్పు డబ్బా వెనక దాచుకుని, క్రమం తప్పకుండా వాడుతోంది.

అపోహ: పెళ్లికాని పిల్లలు వాడితే కన్యాత్వం పోతుంది.

వాస్తవం: కన్నెపొర సీలు కాదు. దాన్ని చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. అత్యాచార బాధితులకు చేసే ‘రెండు వేళ్ల పరీక్ష’ను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది, 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. సుమారు ఐదు వేల మంది ఆడపిల్లల్లో ఒకరు యోని సరిగా ఏర్పడకుండానే పుడతారు. ఆపరేషన్ కంటే ముందు డాక్టర్లు వాళ్లకు సూచించేది డైలేటర్లనే.

అపోహ: ఏ నూనె రాసినా ఒకటే.

వాస్తవం: నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్లీ (జారుడుగా ఉండేందుకు రాసేది) వాడండి. సిలికాన్ డైలేటర్‌కు సిలికాన్ జెల్లీ పెడితే డైలేటర్ పాడవొచ్చు. కొవ్వొత్తులు, కూరగాయలు వద్దే వద్దు. వాడిన ప్రతిసారీ మామూలు సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టాలి. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, గర్భంతో ఉన్నా, కారణం తెలియకుండా రక్తం కనిపిస్తున్నా డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.

ఇక సమయం. చాకిరీ అంతా అయ్యాక రాత్రి పదకొండింటికి, బయట ఎవరైనా తలుపు కొడతారేమోనన్న టెన్షన్‌తో చేస్తే ఒళ్లు వదులవదు. అత్తమామలతో కలిసి ఉండే ఒకామెకు చిన్న సైజు దగ్గరే నెలన్నర గడిచిపోయింది. సంగతి తెలిశాక ఆమె భర్త సాయంత్రం పూట పాపను, అమ్మానాన్నలను కింద పార్కుకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. మూడో వారానికి ఆమె రెండో సైజుకు వచ్చింది.