రికార్డు మీద పేరు ‘కామిని’

1949లో ‘మహల్’ సినిమా పాట ‘ఆయేగా ఆనేవాలా’ రేడియోలో వచ్చిన కొత్తలో, ఈ గాయని ఎవరంటూ శ్రోతలు ఆకాశవాణిని అడిగారు. రేడియోవాళ్లకూ తెలియదు. రికార్డు మీద ‘కామిని’ అని ఉంది. అది సినిమాలో మధుబాల వేసిన పాత్ర పేరు. చివరికి రికార్డు కంపెనీని అడిగి లతా మంగేష్కర్ అని చెప్పారు. ఆమెకు అప్పుడు ఇరవై ఏళ్లు.

హిందీ సినిమా పాటల రాయల్టీ (పాట అమ్ముడైనప్పుడల్లా, వినిపించినప్పుడల్లా రావాల్సిన వాటా) మీద నేటికీ సాగుతున్న తగాదాకి మూలం ఆ రికార్డు దగ్గరే ఉందని నా నమ్మకం. మాటలు నేర్చిన కొత్తలో సినిమాల్లో నటులే పాడుకునేవారు, సైగల్ లాగా. 1935లో ‘ధూప్ ఛాఁవ్’తో నేపథ్య గానం వచ్చింది. పాడే మనిషి తెర వెనక్కి వెళ్లినా, రికార్డు మీద పేరు పాత్రదే ఉండిపోయింది. పేరే లేని మనిషికి వాటా ఎవరిస్తారు?

పేరు కోసం లత పోరాడింది, సాధించింది. రేడియోలో గీత రచయిత పేరు కూడా చెప్పాలని సాహిర్ లుధియాన్వీ పట్టుబట్టాడు. ఇక డబ్బు. అప్పట్లో పాటకు ఒకసారి పారితోషికం ఇచ్చేస్తే గాయకుడి లెక్క తీరిపోయినట్టే. రికార్డు ఎన్నేళ్లు అమ్ముడుపోయినా అందులో ఒక్క రూపాయి వచ్చేది కాదు. 1960ల మొదట్లో గాయకులకూ వాటా కావాలని లత అడిగింది. పారితోషికం పుచ్చుకున్నాక ఇంకేం అడుగుతామన్నాడు మహమ్మద్ రఫీ. ఆ మాటతో కొన్నేళ్లపాటు ఇద్దరూ కలిసి పాడలేదు. రఫీది పెద్ద మనసు, కాదనను. కానీ రఫీకి ఉన్నన్ని పాటలు అందరికీ ఉండవు. కోరస్‌లో నిలబడి పాడినవాళ్ల తరఫున కూడా ఆలోచిస్తే లత మాటే న్యాయం.

చట్టం మాత్రం నిర్మాత పక్షానే ఉండేది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి చేయించిన పాటకి మొదటి హక్కుదారు నిర్మాతే. 1977లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అదే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా కొన్ని మాటలు రాశారు: పాడినవారి గొంతుకి మన చట్టంలో హక్కే లేదు, దీన్ని సరిదిద్దాలని. ప్రదర్శకుల హక్కు, అంటే పాడేవాళ్లకూ నటించేవాళ్లకూ తమ ప్రదర్శన మీద ఉండే హక్కు అంటూ ఒకటి చట్టంలోకి రావడానికి 1994 దాకా పట్టింది.

అసలు మార్పు 2012లో, ఆ చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. అప్పుడు రాజ్యసభ సభ్యుడిగా ఉన్న గీత రచయిత జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. ఇప్పుడు రచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును నిర్మాతకి రాసిచ్చినా చెల్లదు. వారసులకో, రాయల్టీ వసూలు చేసే సంఘానికో మాత్రమే ఇవ్వచ్చు. సినిమా హాల్లో బొమ్మతో పాటు వినిపించే పాటకి ఇది వర్తించదు. రేడియో, టీవీ, ఫోన్‌లో వినిపించేదానికి వర్తిస్తుంది. పాడినవారికీ వాటా రాశారు. మరుసటి ఏడాదే గాయకులు సొంత సంఘం పెట్టుకున్నారు.

తెలుగు పాటకీ ఇదే చట్టం. లోక్‌సభ ఈ సవరణను ఆమోదించింది 2012 మే 22న. సరిగ్గా రెండేళ్ల ముందు అదే రోజున వేటూరి కన్నుమూశారు.