కనిపించని కంచెకు కాపలా

అమెరికా శివార్లలో చాలా ఇళ్లకు ప్రహరీ గోడ ఉండదు. ఇంటి ముందు పచ్చిక, అది దాటితే రోడ్డు. ముందువైపు కంచె కట్టుకుంటామంటే చాలాచోట్ల హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోదు. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకి ఈ గొడవ బాగా తెలుసు. మరి కుక్కని బయట వదిలేదెలా? రిచర్డ్ పెక్ అనే అమెరికన్ దీనికో ఉపాయం కనిపెట్టి 1973లో పేటెంట్ పొందాడు. కంచెని నేలలో పాతిపెట్టేయడమే ఆ ఉపాయం.

స్థలం చుట్టూ రెండు మూడు అంగుళాల లోతున ఒక వైరు పాతి, దాని రెండు కొసలనీ గరాజ్‌లోని ట్రాన్స్‌మిటర్‌కి కలుపుతారు. అది వైరులోకి సుమారు 7 నుంచి 10 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో కరెంటు పంపుతుంది. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది కదా, కుక్క కాలర్‌లో ఉన్న చిన్న తీగచుట్ట దాన్ని పసిగడుతుంది. హద్దు దగ్గరికొస్తే ముందు బీప్, ఇంకా ముందుకెళితే మెడ దగ్గర చురుక్కుమనే షాక్. ఇది రేడియో ప్రసారం అని చాలామంది అనుకుంటారు కానీ కాదు. 10 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 30 కిలోమీటర్లు, దాన్ని ప్రసారం చేసే శక్తి పెరట్లో వైరుకి ఎక్కడిది? ఇక్కడ పనిచేసేది 1831లో ఫారడే చూపించిన విద్యుదయస్కాంత ప్రేరణ.

ఆ క్షేత్రం ఎంత ఉంటుందో లెక్కేసి చూడొచ్చు. వైరులో 100 మిల్లీఆంపియర్లు పారుతున్నాయనుకుంటే, మీటరు దూరంలో క్షేత్రం 20 నానోటెస్లాలు. భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 50 మైక్రోటెస్లాలు, అంటే దీనికి రెండున్నర వేల రెట్లు. అయినా కాలర్ తికమకపడదు. భూమి క్షేత్రం కదలకుండా ఉంటుంది, తీగచుట్టకి మాత్రం మారే క్షేత్రమే తెలుస్తుంది. ఫోన్‌లో దిక్సూచి యాప్‌తో వైరుని వెతుకుదామనుకుంటే కుదరదు, సెకనుకి వేలసార్లు మారేదాన్ని ఆ సెన్సర్ అందుకోలేదు.

అసలు టెన్షన్ కంచె చెడిపోయినప్పుడు మొదలవుతుంది. కర్రల కంచె విరిగితే దారినపోయేవాళ్లకి కూడా కనిపిస్తుంది. ఇది తెగితే ఎవరికీ కనిపించదు. పచ్చికలో చిల్లులు పొడిచే ఏరేటర్ తగిలినా, మొక్క నాటుతూ పారతో ఒక్క పోటు వేసినా చాలు. వైరు తెగిందని గరాజ్‌లోని ట్రాన్స్‌మిటర్ డబ్బా బీప్ బీప్‌మంటూనే ఉంటుంది, వినేవాళ్లే ఉండరు. పైగా శిక్షణ పొందిన కుక్క హద్దుని రోజూ పరీక్షించదు కాబట్టి, చచ్చిన కంచె కూడా కొన్నాళ్లు బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఏదో ఒకరోజు రోడ్డవతల ఉడత కనబడుతుంది.

స్మార్ట్ హోమ్ సెన్సర్లు పెట్టేవాళ్లు ముందుగా చేసేది ఆ బీప్‌ని ఫోన్‌దాకా మోసుకురావడం. శబ్దాన్ని గుర్తుపట్టే సెన్సర్ ఒకటి డబ్బా పక్కన పెడతారు, లేదా డబ్బా మీది లైటుకి ఎదురుగా కాంతి సెన్సర్ అతికిస్తారు. కరెంటు వాడకాన్ని కొలిచే స్మార్ట్ ప్లగ్‌తో నెగ్గుకొద్దామని కూడా చూస్తారు. ట్రాన్స్‌మిటర్ తినేదే కొద్ది వాట్లు, వైరు తెగినప్పుడు వచ్చే తేడా ప్లగ్ కొలతకి అందకపోవచ్చు. నేనైతే దాని మీద ఆధారపడను.

ఈ పద్ధతుల్లో అసలు చిక్కు వేరే ఉంది. ఇవన్నీ ట్రాన్స్‌మిటర్ మాటనే మనకి చేరవేస్తాయి, దానికి తెలియనివి వీటికీ తెలియవు. ఇంటి నుంచి హద్దుదాకా వెళ్లే రెండు వైర్లనీ ఒకదానికొకటి మెలివేస్తారు. ఒకదాంట్లో కరెంటు అటు, ఇంకోదాంట్లో ఇటు పోతుంది కాబట్టి రెండు క్షేత్రాలూ రద్దయిపోతాయి, కుక్క వాటిని తొక్కుకుంటూ వెళ్లినా కాలర్ మోగదు. ఆ మెలికలో ఎక్కడో ఇన్సులేషన్ ఒరుసుకుపోయి లోపలి రాగి తీగలు రెండూ తాకాయనుకోండి. కరెంటు అక్కడిదాకా వెళ్లి అట్నుంచటే తిరిగొచ్చేస్తుంది. ట్రాన్స్‌మిటర్ లెక్కలో వలయం పూర్తయినట్టే, కాబట్టి అలారం ఉండదు. అవతల హద్దు మొత్తం ఖాళీ.

ఇంకో జబ్బు నెమ్మదిగా ముదిరేది. ఎకరం స్థలం నలుచదరంగా ఉంటే చుట్టుకొలతే 254 మీటర్లు, వైరుకి ఎక్కడో అతుకులు తప్పవు. అతుకులోకి నీరు దిగి చిలుం పడితే నిరోధం పెరిగి కరెంటు తగ్గుతూ వస్తుంది. పొడవాటి తీగ చుట్టూ క్షేత్రం దూరానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, కరెంటు సగానికి పడితే కాలర్ మోగే దూరం కూడా సగమవుతుంది. పూర్తిగా తెగితేనే అరిచే అలారానికి ఇది పట్టదు.

అందుకే కొలవాల్సింది క్షేత్రాన్నే, అదీ కుక్క తిరిగే చోటే. ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన 5 మిల్లీహెన్రీల తీగచుట్టకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపితే సుమారు 7 కిలోహెర్ట్జ్ దగ్గర అనునాదం వస్తుంది, అంటే ఆ పౌనఃపున్యాన్నే గట్టిగా అందుకుంటుంది. మీ ట్రాన్స్‌మిటర్ 10 మీద నడిస్తే కెపాసిటర్ విలువ సగానికి తగ్గించాలి. దీన్ని నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టి, మెలిక దాటాక హద్దు వైరు పక్కన పాతి, చిన్న యాంప్లిఫయర్ ద్వారా ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంప్యూటర్ బోర్డుకి కలపాలి. సంకేతం కొన్ని మోడళ్లలో తునకలు తునకలుగా వస్తుంది, కాబట్టి సగటు కాకుండా కొన్ని సెకన్లలో వచ్చిన గరిష్ఠ విలువ తీసుకోవాలి. ఆ అంకెని ఇంట్లోని స్మార్ట్ పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కి పంపితే గ్రాఫ్‌లో రోజువారీ గీత కనిపిస్తుంది. చిలుం పట్టే అతుకు ఆ గీతలోనే బయటపడుతుంది.

సెన్సరే చచ్చిపోతే? ఈ ప్రశ్నకి జవాబు రైల్వేల్లో ఎప్పుడో దొరికింది. 1870లో విలియం రాబిన్సన్ పెన్సిల్వేనియాలోని కింజువాలో పట్టాల ద్వారా సిగ్నల్ నడిపే ఏర్పాటు చేశాడు. అందులో రైలొస్తేనే సర్క్యూట్ పూర్తయ్యేది, తీగ తెగినా బ్యాటరీ అయిపోయినా దారి ఖాళీ అనే చూపించేది. 1872లో పేటెంట్ చేసిన పద్ధతిలో దాన్ని తలకిందులు చేశాడు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ పారుతూ ఉండాలి, ఏ కారణంతో ఆగినా ఎర్ర సిగ్నలే. మన రైల్వేల్లోని ట్రాక్ సర్క్యూట్లదీ ఇదే సూత్రం. ఇక్కడా అంతే, "కంచె తెగింది" అనే కబురు కోసం కాదు, "కంచె బాగుంది" అనే కబురు రాకపోవడం కోసం కాచుకోవాలి. పది నిమిషాలు అంకె రాకపోతే ఫోన్ మోగాలి. ఇంట్లో కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది, కాబట్టి దాన్నీ హోమ్ అసిస్టెంట్ నడిచే పెట్టెనీ యూపీఎస్ మీద ఉంచాలి.

షాక్ కాలర్లు అసలు వాడొచ్చా అన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. వేల్స్ 2010లోనే కుక్కలకీ పిల్లులకీ వాటిని నిషేధించింది. వాడక తప్పదనుకునే వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ కంచె బయటి జంతువుల్ని ఆపదు, కుక్కని ఒంటరిగా వదిలేయడానికి ఇది చాలదు.

సెన్సర్ చెప్పేది వైరు సంగతి మాత్రమే. కాలర్‌లో బ్యాటరీ అయిపోయినా, పట్టీ వదులై షాక్ ఇచ్చే మొనలు చర్మానికి ఆనకపోయినా గీత పడిపోకుండా మామూలుగానే ఉంటుంది. అప్పుడప్పుడు కాలర్‌ని మొనలు తాకకుండా చేత్తో పట్టుకుని, కుక్క మెడ ఎత్తులో ఉంచి హద్దు వైపు నడవాలి. బీప్ మొదలైన చోటు నుంచి వైరుదాకా టేపుతో కొలిచి, ఆ రోజు సెన్సర్ అంకె పక్కన రాసుకోవాలి. ఇలా కొన్ని జతలు చేరాక, అంకె ఎంతకు పడితే అలారం మోగాలో ఊహించి పెట్టక్కర్లేదు.