సైరాలో ఓబన్న ఎక్కడ? పాత గొడవ వెనుక ఉన్న 1846

తెలుగులో కొత్త చారిత్రక సినిమా మాట వినబడితే చాలు, 1846లో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథతో 2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' మీద వాదన మళ్లీ లేస్తుంది. ఈసారీ అంతే. చరిత్రను తొక్కేశారని ఒకళ్లు, అది సినిమా గానీ పాఠ్యపుస్తకం కాదు గదా అని ఇంకొకళ్లు. ఈ కేకల మధ్య ఒక ప్రశ్న మాత్రం 2019 నుంచీ జవాబు లేకుండా నలుగుతోంది. ఆ తిరుగుబాటులో రెడ్డి వెంట నడిచిన పేదలకు నాయకుడైన వడ్డె ఓబన్నకు ఆ కథలో దక్కాల్సిన చోటు ఎందుకు దక్కలేదు?

సినిమా ఎవరు తీశారు, ఎంత ఖర్చయింది, చిరంజీవి ఈ కథ కోసం ఎన్నాళ్లు ఎదురుచూశారు అన్నవి అందరికీ తెలిసినవే. పాలెగాళ్లు ఎవరు, నిజాం దత్త మండలాలను కంపెనీకి ఎందుకు ఇచ్చాడు అన్నదీ బళ్లో చదివిందే. వాటి జోలికి పోను. ఈ గొడవంతటికీ మూలం 1846 జులై 10 దగ్గర ఉందని నా నమ్మకం. ఆ రోజు కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. దాడి చేసినవాళ్లు ఎవరు, వాళ్లకు పోయిందేమిటి అన్నది తెలిస్తే సినిమా బలమెక్కడో, బలహీనత ఎక్కడో దానంతటదే తేలిపోతుంది.

ముందు తవర్జీ సంగతి చెప్పాలి. పాలెగాళ్ల, అంటే ఊళ్లను ఏలిన స్థానిక దొరల అధికారం లాగేసుకుని కంపెనీ ఇచ్చిన భరణాన్ని తవర్జీ అనేవారు. ఉయ్యాలవాడ కుటుంబానికి నెలకు 70 రూపాయలు వచ్చేది. పంపకాల్లో చీలి చీలి నరసింహారెడ్డి వాటా 11 రూపాయల 10 అణాల 8 పైసలకు దిగింది. లెక్క వేసి చూడండి, సరిగ్గా ఆరో వంతు. ఒకప్పుడు ఆ సీమలో పన్ను వసూలు చేసిన ఇంటి వారసుడు, నెలనెలా కోయిలకుంట్ల ఖజానాకు మనిషిని పంపి ఈ చిల్లర తెప్పించుకోవాలి. తవర్జీ కోసం వెళ్లిన మనిషిని తహసీల్దారు అవమానించి పంపాడని, రెడ్డి కబురు పెట్టి మరీ వచ్చి ఖజానా కొట్టి అతని తల తీశాడని రేనాటి, అంటే కోయిలకుంట్ల చుట్టుపక్కల సీమ జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఇక్కడే వాదన రెండుగా చీలింది. పింఛను డబ్బుల కోసం లేచిన జమీందారు తగాదాకు ఇంత హంగామా ఎందుకని ఒక వర్గం చాలా ఏళ్లుగా అంటూనే ఉంది. ఆ మాటకు జవాబుగా ఇంకో వర్గం ఆయన్ని ఏకంగా దేశపు తొలి స్వాతంత్ర్య సమరయోధుణ్ని చేసింది. సినిమా ఈ రెండో దారే పట్టింది. 1857లో ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు ధైర్యం నూరిపోస్తూ నరసింహారెడ్డి కథ చెప్పడంతో సినిమా మొదలవుతుంది. ఆ ఒక్క నిర్ణయంతో రేనాటి కథ దేశం కథ అయింది. లాభం ఎంత జరిగిందో నష్టమూ అంతే జరిగిందని నేనంటాను.

నిజానికి ఆ రెండు వర్గాలూ వదిలేసిన మూడో సంగతి ఉంది. దాని పేరు కట్టుబడి.

కట్టుబడులంటే ఊరి కావలివాళ్లు. పాలెగాళ్ల కాలంలో ఊరికి కాపలా కాయడం, దొంగల జాడ తీయడం, పిలిచినప్పుడు కత్తి పట్టుకుని రావడం వాళ్ల పని. జీతం డబ్బు రూపంలో ఉండేది కాదు. ఇనాం భూమి ఉండేది. తండ్రి చేసిన కావలి కొడుకు చేసేవాడు, తండ్రి దున్నిన చెక్క కొడుకు దున్నేవాడు. కంపెనీ వచ్చి రైతు దగ్గరే నేరుగా పన్ను వసూలు చేసే రైతువారీ పద్ధతి పెట్టి, పోలీసు పనికి తన మనుషుల్ని పెట్టుకున్నాక ఈ కావలివాళ్లు సర్కారు కంటికి దండగ ఖర్చయ్యారు. ఒక్కసారిగా లాక్కుంటే గొడవవుతుంది కాబట్టి ఇనాందారు చనిపోయినప్పుడల్లా ఆ భూమిని సర్కారు కలుపుకుంటూ వచ్చింది. గూడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం ప్రాంతాల్లో 1846లో జరిగింది ఇదే. ఇంటి పెద్దను మట్టిలో పెట్టి వచ్చేసరికి పొలం చేతిలోంచి పోయేది. కర్ణం లెక్కలో ఒక్క గీత మారితే ఆ ఇంటికి కూడూ లేదు, ఊళ్లో మర్యాదా లేదు.

నరసింహారెడ్డి దగ్గరికి చేరింది వీళ్లే. వీళ్లకు ముందు నిలబడి నడిపించినవాడు వడ్డె ఓబన్న. తవర్జీ ఒక్కటే కారణమైతే రెడ్డి వెంట ఇంట్లోవాళ్లు, నాలుగు ఊళ్ల బంధువులు కదిలేవారు. అంతమంది పేదలు ఎందుకు ప్రాణాలకు తెగించారన్న ప్రశ్నకు భూమి ఒక్కటే జవాబు. రెడ్డి ఖజానాకు మనిషిని పంపి అవమానం తెచ్చుకున్నాడు, కట్టుబడి పొలానికి వెళ్లి పొలం తనది కాదని తెలుసుకున్నాడు. ఇద్దరి కోపమూ జులై 10న ఒకే గుమ్మం దగ్గర కలిసింది. అది జమీందారు తగాదా కాదు, అలాగని దేశమనే ఊహ కోసం జరిగిన యుద్ధమూ కాదు. కడుపు కాలినవాళ్లు, పరువు పోయినవాళ్లు కలిసి చేసిన తిరుగుబాటు. నా మటుకు నాకు ఇదే ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు తెర మీదికి వద్దాం. సినిమాలో తిరుగుబాటును రగిలించేది పన్ను. వానల్లేక పంటలు ఎండినా వదలని పన్ను, దాన్ని వసూలు చేసే కొరడాలు. ఆ సన్నివేశాలు బాగా పండాయి. కానీ తల తెగేది తెల్ల అధికారి జాక్సన్‌ది. జనం చెప్పుకునే కథలో తెగింది తెలుగు తహసీల్దారు తల. ఈ మార్పు చిన్నదని చాలామంది అనుకుంటారు గానీ సినిమా మొత్తాన్నీ పలచబరిచింది ఇదే. కంపెనీ రాజ్యం తెల్లవాళ్ల తుపాకులతోనే నడవలేదు. మన తహసీల్దార్లు, మన కర్ణాలు, మన ఊళ్లలోనే పుట్టిన బంట్రోతులు కలిసి నడిపారు. ఆ సంగతి చూపించి ఉంటే నరసింహారెడ్డి ఎదుర్కొన్నది ఎంత చిక్కు పడిన శత్రువో తెలిసేది. అరిచే, కొట్టే, నవ్వే తెల్లదొర మాత్రమే ఎదురుగా ఉన్నప్పుడు హీరో గెలుపు మీద మనకు టెన్షన్ ఉండదు.

ఓబన్న సంగతీ అలాగే జరిగింది. సినిమా చూసి బయటికొచ్చినవాడికి సుదీప్ చేసిన అవుకు రాజు గుర్తుంటాడు, విజయ్ సేతుపతి చేసిన రాజా పాండి గుర్తుంటాడు, అమితాబ్ చేసిన గోసాయి వెంకన్న గుర్తుంటాడు. ఓబన్న గుర్తుండడు. ఐదు భాషల్లో విడుదల చేయాలనుకున్న సినిమాకు ఒక్కో భాష నుంచి ఒక్కో పెద్ద ముఖం కావాల్సి వచ్చింది. తమిళనాడు నుంచి రాజా పాండి రేనాటికి రావడానికి చోటు దొరికింది గానీ, రేనాటిలోనే పుట్టిన కావలివాళ్ల నాయకుడికి తెర నిండా ఒక్క ఘట్టం దొరకలేదు. ఓబన్నను తమవాడిగా చూసుకునే వడ్డెర కుటుంబాల్లో ఈ బాధ ఉందంటే అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

తీసినవాళ్ల వాదన కూడా చెప్పాలి. నూట డెబ్బై ఏళ్ల నాటి మనిషి గురించి ఉన్న కాగితాలు తక్కువ, పాటలు ఎక్కువ. పాటలోనే అతిశయోక్తి ఉన్నప్పుడు సినిమాలో ఉంటే తప్పేమిటని వాళ్ల ప్రశ్న. అందులో కొంత న్యాయం ఉంది. సినిమా పేరులోని 'సైరా' అన్న పిలుపే రేనాటి వీరగాథ పల్లవి నుంచి వచ్చింది. అయితే ఆ జనపదమే రెడ్డితో పాటు ఓబన్ననూ గుర్తుపెట్టుకుంది. పాటలోంచి పల్లవి తీసుకున్నప్పుడు మనుషుల్నీ తీసుకోవాల్సింది.

ఇంకో చిక్కు 2019 సెప్టెంబరులో వచ్చింది. డబ్బు విషయంలో తమకు ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదంటూ ఉయ్యాలవాడ వారసులమని చెప్పినవాళ్లు హైదరాబాద్‌లో ఆందోళనకు దిగారు. విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. ఇది బయోపిక్ కాదు అని దర్శకుడి తరఫున కోర్టుకు చెప్పారు. సినిమా అనుకున్నట్టే అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున వచ్చింది. చట్టం లెక్కలో గొడవ అక్కడికి సర్దుకుంది. కానీ అప్పటిదాకా పోస్టర్లలో, టీజర్లలో, ప్రతి వేదిక మీదా మరుగున పడిన చరిత్ర అని చెప్పి, కోర్టు గుమ్మం దగ్గర మాత్రం ఇది ఆయన జీవితచరిత్ర కాదనడం ప్రేక్షకుడికి మింగుడుపడలేదు. ఇప్పటి వాదనలో రెండు పక్షాలూ ఆ ఒక్క మాటనే పట్టుకుని లాగుతున్నాయి. డబ్బు గురించిన ఆ తగాదాను ఇంతకన్నా సాగదీయాల్సిన పని లేదు. చరిత్ర ఎవరిదన్న ప్రశ్న అందులో లేదు.

బలాలు లేవా అంటే చాలా ఉన్నాయి. 64 ఏళ్ల వయసులో చిరంజీవి ఆ పాత్రను మోసిన తీరు చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. కళ్లల్లో ఆగ్రహం, జనాన్ని చూసినప్పుడు మెత్తబడే గొంతు, రెండూ ఒకే మనిషివని నమ్మిస్తారు. రత్నవేలు కెమెరా చీకటినీ మంటనీ వాడుకున్న తీరు బాగుంది. తమన్నా చేసిన లక్ష్మి పాత్ర ప్రాణత్యాగం దగ్గర థియేటర్ నిశ్శబ్దమైపోయింది. ఇంకా పెద్ద సంగతి, కర్నూలు, కడప దాటితే పెద్దగా తెలియని పేరును శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి ఇంటికీ చేర్చింది ఈ సినిమానే. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినప్పుడు ఆయనెవరని ఎవరూ అడగలేదు. ఆ పుణ్యంలో సినిమాకు వాటా ఉంది.

కానీ రేనాడు మాత్రం కనిపించలేదు. కుందూ ఒడ్డు నల్లరేగడి, అవుకు, బనగానపల్లె వైపు పొరలు పొరలుగా లేచే నాపరాయి, ఎండకు మాడి బూడిద రంగు తేలిన నల్లమల అంచులు ఆ పోరాటానికి ఆయుధాల్లాంటివి. కంపెనీ బలగాలకు దారి తెలియనిది అక్కడే, కట్టుబడులకు కళ్లు మూసుకున్నా దారి తెలిసేదీ అక్కడే. పెద్ద యుద్ధ ఘట్టాల కోసం జార్జియా దాకా వెళ్లారు. అక్కడి మైదానంలో వేలమంది ఎదురెదురుగా పరిగెత్తి ఢీకొంటారు. చూడ్డానికి ఘనంగానే ఉంటుంది. కానీ ఊరి కావలివాళ్లు ఒక సామ్రాజ్యంతో తలపడే పద్ధతి అది కాదు. కొట్టి అడవిలోకి జారుకోవడం, కొండ మీంచి చూడటం, రాత్రికి ఏదో ఊళ్లో తిండి దొరకడం, ఇదీ వాళ్ల యుద్ధం. మాటల్లోనూ అంతే. రేనాటి యాస అక్కడక్కడా తగిలి మాయమైపోతుంది.

అసలు సంఘటనలే చాలినంత బరువైనవి. ఖజానా దాడి తర్వాత గిద్దలూరు దగ్గర కంపెనీ బలగాలతో తలపడ్డారు. కోయిలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేది, కాబట్టి కడప కలెక్టరుగా ఉన్న కాక్రేన్ ఈ వేటను తన చేతుల్లోకి తీసుకున్నాడు. జులై నుంచి అక్టోబరు దాకా, మూడు నెలల లోపే అంతా ముగిసింది. 1846 అక్టోబరు 6న పేరుసోమల కొండ దగ్గర రెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెండు వేలకు పైగా జనం చూస్తుండగా ఉరితీశారు. జనం చూడాలనే అలా తీశారు. సినిమా ఈ ఘట్టంలో రెడ్డి మాటలతో గుండె పిండుతుంది, ఆ వెంటనే అక్కడ కూడా ఫైటింగ్ పెట్టి ఆ నొప్పిని చల్లార్చేస్తుంది. చేతులు కట్టేసిన మనిషి తాడు ముందు కదలకుండా నిలబడితే చాలేది.

తొలి యోధుడా కాదా అన్న పోటీ గురించి ఒక్క మాట. కట్టబొమ్మన్‌ను 1799లోనే ఉరితీశారు. కిత్తూరు చెన్నమ్మ 1824లో పోరాడింది. నరసింహారెడ్డి గొప్పతనానికి ఆ వరుస సంఖ్య అక్కర్లేదు. తొలి అన్న మాట కోసం పట్టుబట్టేసరికి ఝాన్సీ ముందు నిలబెట్టాల్సి వచ్చింది, ఝాన్సీ ముందు నిలబెట్టేసరికి కట్టుబడి చెక్కలు చిన్నవైపోయాయి. హిందీ ప్రేక్షకుల కోసం ఇంత చేసినా తెలుగు రాష్ట్రాల్లో వచ్చిన ఆదరణ అక్కడ రాలేదు.

ఇప్పుడు ఓబన్న జయంతిని జనవరి 11న ఆంధ్రప్రదేశ్‌లో జరుపుతున్నారు. అందుకే ఈసారి వాదనలో ఆయన పేరు ఇంతకు ముందుకన్నా గట్టిగా వినబడుతోంది. కంపెనీ లెక్కలు చూసినా ఆ పేరు వెనుక ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. తిరుగుబాటు కేసులో దాదాపు వెయ్యి మంది మీద వారెంట్లు పుట్టాయి. 412 మందిని విడిచిపెట్టారు, 273 మందికి జామీను దొరికింది, 112 మందికి శిక్షలు పడ్డాయి. ఒక్కో పేరు వెనుక గూడ్లదుర్తిలోనో నొస్సంలోనో పోయిన ఓ పొలం చెక్క ఉండే ఉంటుంది.

రెడ్డి తలను కోయిలకుంట్ల కోట గోడ మీద 1877 దాకా ఉంచారు. 30 ఏళ్లు. ఆ మధ్యలోనే 1857 వచ్చి వెళ్లింది, కంపెనీ పోయి విక్టోరియా రాణి పాలన వచ్చింది, కోయిలకుంట్ల కడప నుంచి కర్నూలు జిల్లాలోకి మారింది, కరువులు వచ్చాయి. ఉరి రోజు పదేళ్ల వయసున్న కట్టుబడి పిల్లవాడు ఆ గోడ కింద నుంచి నడిచి నడిచి నలభై ఏళ్లవాడయ్యాడు.