వెలికొండల గాథలు, రాళ్లు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పడమట, కడప సీమకు ఇటువైపున పెట్టని కోటలా సాగే వెలికొండలకు విద్యార్థులను తీసుకువెళ్లి రాళ్లను చూపించడం భూగర్భశాస్త్రం బోధించే నా వృత్తిలో భాగం. అక్కడి పెద్దలు చెప్పే గాథలతో నాకు పేచీ లేదు. శాస్త్రం పేరు తగిలించుకుని వాటి పక్కన చేరిన కొత్త మాటలతోనే నా పేచీ.

అపోహ: ఇవి ఒకప్పటి అగ్నిపర్వతాలు, ఉగ్రనరసింహుని కథ ఆ మంటల జ్ఞాపకం.

వాస్తవం: ఈ కొండల్లో ప్రధానంగా ఉన్నవి క్వార్ట్‌జైటు అనే గట్టిపడిన ఇసుకరాయి, పలకరాయి. నూట యాభై కోట్ల ఏళ్లకు పూర్వమే లోతు తక్కువ సముద్రం అడుగున పొరలుగా పేరుకున్న ఇసుక, బురద ఒత్తిడికి గట్టిపడి, ఆ తర్వాత భూపటలపు తోపుడుకు మడతలు పడి పైకి లేచాయి. మార్కాపురం పలకలు ఆనాటి బురదే. కోనల్లో పగిలిన బండల మీద కనిపించే వంకర చారలు పాముల జాడలు కావు, ఆ నీటి అలలు ఇసుక మీద దిద్దిన గీతలు. పులివెందుల వైపు అడుగు పొరల్లో లావా ఆనవాళ్లున్న మాట నిజమే కానీ, అది చల్లారి మనిషి పుట్టేలోపు వంద కోట్ల ఏళ్లకు పైగా గడిచాయి కనుక అది ఎవరి జ్ఞాపకంలోనూ ఉండే వీలు లేదు. ఈ రాళ్లలో రాక్షసుల ఎముకలు దొరికాయన్న మాటకూ ఆధారం లేదు. ఈ పొరలు ఏర్పడేనాటికి ఎముక ఉన్న జీవే భూమి మీద లేదు.

అపోహ: పెంచలకోన కథ అహోబిలం నుంచి అరువు తెచ్చుకున్నది.

హిరణ్యకశిపుని వధించినా కోపం చల్లారని స్వామి కొండల వెంట తిరుగుతూ వచ్చి, చెంచులక్ష్మిని చూసి శాంతించి, ఆమెను పెనవేసుకుని శిలగా వెలశాడని రాపూరు దగ్గరి పెంచలకోనలో చెబుతారు. అహోబిలం ఉన్న నల్లమల, పెంచలకోన ఉన్న వెలికొండలు భూగర్భశాస్త్రం దృష్టిలో ఒకే మడతల పట్టీ, అంటే మడతలు పడి లేచిన ఒకే కొండల వరుస. నల్లమల చెంచులు నరసింహస్వామిని తమ ఆడపడుచును చేసుకున్న అల్లుడిగా భావిస్తారు. ఆ అడవుల్లో తిరిగిన జనంతో పాటే కథ కూడా నడిచి వచ్చి ఉంటుందని, అలా రావడం అరువు కాదని నా అభిప్రాయం. పైగా, స్వామి చెంచులక్ష్మిని చేపట్టినందుకు అలిగిన భార్య ఆదిలక్ష్మి ఏరు దాటి వెళ్లిపోయిందనీ, ఆమెకు అవతల వేరే గుడి అందుకేననీ చెప్పే భాగం ఈ నేలదే. ఇక్కడి ఏటిని చూసినవారే ఆ మాట కట్టగలరు.

ఏటి బండల్లోని నున్నటి గుండాలను దేవతలో, భీముడో తవ్వారంటారు. వరదనీటి సుడిలో పడిన గులకరాళ్లు ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వాటిని తొలిచాయి. పైకి చిన్నగా కనిపించే గుండం లోపల మనిషి మునిగేంత లోతు ఉండవచ్చు కాబట్టి, పుణ్యస్నానానికి దిగేవారు దయచేసి గట్టునే ఉండాలి.

అపోహ: గుహాలయాల్లో, దుర్గాల్లో గుప్తనిధులున్నాయి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. చంద్రశేఖరపురం (సీఎస్ పురం) మండలంలోని భైరవకోనలో ఎనిమిది శివాలయాలను కొండలోకే తొలిచారు. వాటిని క్రీస్తుశకం ఏడో, ఎనిమిదో శతాబ్దాల నాటివిగా శిల్పశైలిని బట్టి పండితులు లెక్కగడతారు. స్తంభాలూ ద్వారపాలకులూ ఆ కొండరాయే. వాటి వెనుక గది లేదు, కింద పెట్టె లేదు, ఉన్నదంతా రాయే. 1514లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం చుట్టూ కూడా ఇలాంటి ఆశలే అల్లుకున్నాయి. ఆ ఆశతో గునపం వేస్తే పగిలేది శిల్పమే. నిజంగా ఏదైనా బయటపడినా, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినవారు ఆ సంగతి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, దాచిపెట్టడం నేరం.