కాయ చూస్తే టమాటా, పువ్వు చూస్తే కాదు

కంపోస్టు గుంట పక్కన ఎవరూ నాటని మొక్క ఒకటి లేచింది. ఆకు చూస్తే టమాటాయే అనిపించింది. టమాటా విత్తనం మహా మొండిది, చెత్తలో పడున్నా, చివరికి మనిషి కడుపులోంచి బయటికొచ్చినా మొలకెత్తగలదు కాబట్టి అడక్కుండా మొలిచే మొక్కల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది. ఇంకేం ఆలోచించకుండా కర్ర పాతి తాడు కట్టేశాను. నెల తిరిగేసరికి తెల్లటి పూలు పూసింది.

టమాటా పువ్వు పసుపు. తెలుపు కాదు.

నిజానికి అంతకుముందే అనుమానం రావాల్సింది. టమాటా ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన ఎవరైనా గుర్తుపడతారు, కాసేపు ఆ మొక్కల మధ్య పనిచేస్తే వేళ్లకి పసుపుపచ్చ జిగురు కూడా అంటుకుంటుంది. ఆకుల మీది నూగులో కొన్ని వెంట్రుకల కొసన చిన్న గ్రంథులుంటాయి, అవి చిట్లితే వచ్చేదే అదంతా. నా మొక్కకి నూగుంది కానీ ఆ వాసన లేదు. చిట్టాకుల అంచులు కూడా చీలికల్లేకుండా నున్నగా ఉన్నాయి. అయితే అంచులు చూసి తేల్చలేం, కొన్ని టమాటా రకాల ఆకులూ అచ్చం అలాగే ఉంటాయి.

పువ్వు దగ్గర ఈ గోల తక్కువ. టమాటా పువ్వు మధ్యలో పరాగకోశాలన్నీ (పుప్పొడి తిత్తులు) ఒకదానికొకటి అతుక్కుని, పిట్ట ముక్కులా సన్నగా సాగి ఉంటాయి. నా మొక్క పువ్వులో ఐదూ లావుగా, విడివిడిగా ఉన్నాయి, గోటితో ఒక్కోదాన్నీ పక్కకి జరపొచ్చు, ఒక్కోదాని కొసన సూదితో పొడిచినట్టు రెండు రంధ్రాలు. పుప్పొడి రాలేది వాటిలోంచే.

ఇలాంటి పూలున్న మొక్కలు బోలెడు, ఒక్క సొలానమ్ అనే ప్రజాతిలోనే (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) 1,200కు పైగా జాతులున్నాయి మరి. కామంచి అనుకుందామంటే దాని ఆకు చీలదు, కాయ బఠాణీ గింజంతే, పండితే నల్లబడుతుంది. బుడమకాయ అయితే కాగితం సంచిలాంటి దాంట్లో దాక్కుంటుంది. ఆకు ఈనెల మీద ముళ్లుంటే వాకుడు లాంటిదేదో అయ్యుంటుంది. టమాటాకి నూగే తప్ప ముల్లుండదు.

ఇంకో రెండు వారాలకి గోళీలంత పచ్చటి కాయలొచ్చాయి, నెత్తిన ఐదు కొనల ముచ్చికతో సహా. ఎవరికి చూపించినా చెర్రీ టమాటాలే అంటారు, ప్రమాదమంతా అక్కడే ఉంది. అవి బంగాళాదుంప కాయలు! సొలనిన్ అనే విషం ఉంటుంది, ఉడికించినా పోదు. పిల్లలున్న ఇంట్లో అయితే కోసి పారేయడమే మంచిది.

ఈ పోలిక ఉత్తినే రాలేదు. 1753లో మొక్కల్ని వర్గీకరించిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ టమాటా, బంగాళాదుంప రెంటినీ సొలానమ్‌లోనే పెట్టాడు. మరుసటేడే ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త ఫిలిప్ మిల్లర్ టమాటాని విడదీసి లైకోపెర్సికాన్ అన్నాడు, అంటే తోడేలు పీచ్ పండు అని అర్థం (పాపం టమాటా). డీఎన్ఏ చూడటం మొదలయ్యాక శాస్త్రవేత్తలు దాన్ని మళ్లీ పాత గూటికే చేర్చారు. ఇవి ఎంత దగ్గరి చుట్టాలంటే బంగాళాదుంప మొదలు మీద టమాటా కొమ్మని అంటుకట్టొచ్చు.

అయినా చివరి అనుమానం ఎందుకని మొక్కని పెకలించాను. అడుగున నాలుగు దుంపలు, పెద్దది కోడిగుడ్డంత. గుంటలో పారేసిన తొక్కల్లో ఏదో ఒక కన్ను బతికిపోయినట్టుంది.