రోబో కాళ్ల గురించి మా పేషెంట్లు అడిగేవి: అపోహలు - వాస్తవాలు

నేను నల్గొండల ఫిజియోథెరపిస్టును. నడుము విరిగి కాళ్లు పడిపోయినోళ్లు నా దగ్గరికి ఎక్కువ వస్తరు, తాటిచెట్టు మీదికెల్లి పడ్డ గీత కార్మికులు, పాలమూరు దిక్కుకెల్లి బిల్డింగ్ పనికి వలసపోయి సెంట్రింగ్ మీదికెల్లి జారినోళ్లు. ఈమధ్య అందరి ఫోన్లల్ల ఒకటే వీడియో, మిషన్ కాళ్లు తొడుక్కొని మనిషి లేచి నడుస్తుంటడు, సార్ గది మాకు దొరుకుతదా అని అడుగుతరు. అంత ఆశతోని అడుగుతుంటే ఉన్నదున్నట్టు చెప్పాలె గదా.

అపోహ: తొడుక్కుంటే చాలు, మునుపటిలెక్క నడుస్తరు.

వాస్తవం: వీటిని ఎక్సోస్కెలిటన్ అంటరు. తుంటి, మోకాలు దగ్గర మోటార్లుంటయి, మనిషి ముందుకు వంగంగనే సెన్సార్ పట్టుకొని కాలు లేపి అడుగేస్తది. రీవాక్ అనేదానికి 2014ల వైద్య పరికరాలను పరిశీలించే అమెరికా సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ ఇంట్ల వాడుకోనీకి అనుమతిచ్చింది, కానీ రెండు చేతుల కర్రలు పట్టుకొనే నడవాలె, పక్కన ట్రైనింగ్ అయిన మనిషుండాలె. అంటే చేతులు, భుజాలు గట్టిగుండాలె. దాన్ని కనిపెట్టిన అమిత్ గోఫర్‌కు యాక్సిడెంట్ల చేతులు గూడ దెబ్బతిన్నయి, అందుకే తను చేసిన మిషన్ల తనే నడవలేకపోయిండు. వెన్నుల ఉండే పెద్ద నరం (వెన్నుపాము) పూర్తిగ తెగినోళ్లకు మిషన్ విప్పినంక కాళ్లు ఎప్పటిలెక్కనే. పక్షవాతం వచ్చినోళ్ల సంగతి వేరే, థెరపిస్ట్ పక్కనుండి ఇసొంటి మిషన్‌తోని మళ్లమళ్ల అడుగులేయిస్తే కొందరికి సొంత నడక మెరుగైతది. ఇగ రేటు, అమెరికా సర్కారు ఆరోగ్య బీమా మెడికేర్ 2024ల పెట్టింది సుమారు 91 వేల డాలర్లు, అప్పటి లెక్కల 75 లక్షల పైమాటే.

అపోహ: రేట్లు తగ్గేదాక ఆగుదం, అప్పటిదాక ఎక్సర్‌సైజులు దండగ.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్ల నాకు మస్తు బాధైతది, ఎందుకంటే ఆగినోళ్లకే రేపు ఆ మిషన్ పనికిరాకుండపోతది. మంచం మీద పండబెట్టి, మోకాలు చాపి, అరికాలును మెల్లగ ముఖం దిక్కు నూకి చూడుండ్రి, పాదం కాలికి 90 డిగ్రీల దాకన్న రావాలె. కొన్ని నెలలు ఎవరూ ముట్టకపోతే పిక్క బిగుసుకపోయి వేళ్లు కిందికే గుంజుతయి, ఆ మడమ మిషన్ల అడుగుపలకకు ఆనదు. తుంటి, మోకాలు గూడ అంతే. ఎముక గుల్లబారితే అడుగేసేటప్పుడే విరగొచ్చు. పిర్ర మీద పుండుంటే అసలు బెల్టే కట్టరు. మిషన్ దొరికినా స్పర్శ లేని చర్మానికి బెల్ట్ ఒరుసుకున్నది మనిషికి తెల్వదు, విప్పంగనే ఫోన్‌తోని ఫొటో తీసి చూసుకోవాలె, అరగంటైనా ఎరుపు పోకపోతే అక్కడ మళ్ల ఒత్తిడి పెట్టొద్దు. రోజూ ఇంట్లోళ్లు కీళ్లు ఆడించుడు, రెండు గంటలకోసారి పక్క మార్చి పండబెట్టుడు, రోబో నడకకు ఇవే మొదటి మెట్టు. మన ఆడోళ్లే ఎక్కువ ఈ పని చేస్తుంటరు, వాళ్ల కష్టం ఏ వీడియోల గూడ కనపడదు.

అపోహ: ఫ్లోరోసిస్‌తోని వంగిపోయినోళ్లను మిషన్ నిలబెడతది.

వాస్తవం: నిలబెట్టదు. ఫ్లోరోసిస్ అంటే తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు. మర్రిగూడ, మునుగోడు దిక్కు పెద్దమనుషులను చూసినోళ్లకు తెలుసు, వెన్నుపూసల నడుమ లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు) ఎముకలెక్క గట్టిపడి కీళ్లు కదలవు. మిషన్‌కు కదిలే కీలు కావాలె, బలవంతంగ వంచితే దెబ్బ తగుల్తది. వీళ్లకు నొప్పి తగ్గించుడు, మంచం బాత్రూం సౌకర్యంగ చేసుడు, మంచినీళ్లు, ఇవే.

అపోహ: హమాలీలు తొడుక్కుంటే ఎంత బరువైనా మోస్తరు.

వాస్తవం: మోటార్ లేకుండ స్ప్రింగులతోని చేసిన నడుము సపోర్టులున్నయి, వంగి లేపేటప్పుడు వీపు కండరాల శ్రమ 10 నుంచి 40 శాతం దాక తగ్గిందని పరిశోధనలు చెప్తున్నయి. కానీ మిర్యాలగూడ మిల్లుల బస్తా లేపుడొక్కటే గాదు, వీపు మీదేసుకొని పలక ఎక్కాలె, ఆ బరువును ఈ స్ప్రింగు మొయ్యదు. బరువు పెంచనీకి దీన్ని సాకు చేసుకుంటే నడుం ఇంకా తొందరగ పోతది.

అపోహ: ఆన్‌లైన్ల దొరికే కరెంటు ఫుట్ మ్యాట్ గూడ ఇదే టెక్నాలజీ.

వాస్తవం: కాదు, అది కండరాన్ని కాసేపు అదిరిస్తది అంతే. గుండెకు పేస్‌మేకర్ ఉన్నోళ్లు దాన్ని ముట్టొద్దు. అయినా దాన్ని వైద్యం అని అమ్ముతున్నరు.

అపోహ: ఒంటికి తొడిగేదాంట్ల మోటార్ ఉంటేనే గొప్ప.

వాస్తవం: గీత కార్మికుల కోసం 2024ల తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కాటమయ్య రక్షణ కవచం తాళ్లు, బెల్టులే, బ్యాటరీ లేదు. జారితే కింద పడకుండ పట్టుకుంటది. కొందరు అలవాటు లేదని ఇంట్ల దూలానికి తగిలేసి ఎక్కుతున్నరు. అన్నా, కట్టుకొనుడు నేర్చుకున్నోళ్లను ఒకరిని పిలిపించుకొని, పొట్టి చెట్టు మీద నాలుగు రోజులు అలవాటు చేసుకొని, దాంతోనే ఎక్కుండ్రి.