ఎర్ర నాబ్ ఎంత లాగాలి?

మే నెలలో గన్నవరం రన్‌వే మీద 45 డిగ్రీల ఎండ కాస్తుంటే, పిస్టన్ ఇంజన్ విమానానికి అది దాదాపు 3,600 అడుగుల ఎత్తుతో సమానం. వేడికి గాలి పదో వంతు పలచబడుతుంది. గాలిలో ఇంధనం కలిపే కార్బురేటర్ మాత్రం ఇంధనాన్ని అదే లెక్కన తగ్గించదు. దాంతో గాలి, ఇంధనాల మిశ్రమం 5 శాతం చిక్కబడుతుంది, అంటే అందులో ఇంధనం పాలు పెరుగుతుంది. 10,000 అడుగుల దగ్గర అది 16 శాతం. ఆ అదనపు ఇంధనాన్ని కోసేదే కాక్‌పిట్‌లోని ఎర్ర మిక్చర్ నాబ్: బయటికి లాగితే మిశ్రమం పలచన, లోపలికి నెడితే చిక్కన.

ఆటోనగర్‌లో పాత కార్బురేటర్ బండి ట్యూనింగ్ చేసే మెకానిక్ ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. గాల్లో ప్లగ్గు విప్పలేం కాబట్టి ఎగ్జాస్ట్ పైపుకి, సిలిండర్ నుంచి రెండు నాలుగు అంగుళాల దూరంలో థర్మోకపుల్ అనే వేడి కొలిచే ప్రోబ్ బిగిస్తారు. అది చూపేదే ఈజీటీ (ఎగ్జాస్ట్ గ్యాస్ టెంపరేచర్), అంటే పొగ వేడి.

ఈ అంకెని చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. ఒక సిలిండర్ 1,380, పక్కది 1,440 ఫారన్‌హీట్ చూపినా తప్పేం లేదు. ప్రోబ్ అంగుళం జరిగినా రీడింగ్ మారుతుంది. కావలసింది పీక్, అంటే పొగ వేడి గరిష్ఠమయ్యే చోటు, ఎక్కడుందో, దానికి మనం ఎంత దూరంలో ఉన్నామో. మిశ్రమం పలచన చేస్తూ పోతే వేడి పెరిగి, ఒకచోట ఆగి, మళ్లీ తగ్గుతుంది. పీక్‌కి ఇవతల మిగులు ఇంధనం వేడిని తాగేస్తుంది, అవతల మిగులు గాలి.

టేకాఫ్‌కి, గాలి పలచదనం 5,000 అడుగుల ఎత్తుకి సమానమయ్యే వరకూ మామూలుగా నాబ్ పూర్తిగా లోపలే ఉండాలి. క్రూయిజ్‌లో, అంటే ఎత్తుకి చేరి నిలకడగా ఎగిరేటప్పుడు, పవర్‌ను 75 శాతం లోపుకి తెచ్చి, ఉష్ణోగ్రతలు కుదురుకున్నాక నాబ్‌ని మెల్లగా తిప్పుతూ బయటికి తీయాలి. మొదట పీక్‌కి చేరిన సిలిండరే అన్నిటికన్నా పలచగా నడుస్తున్నది. దాన్నే గుర్తుగా పెట్టుకుని, వేడి 100 నుంచి 125 డిగ్రీలు తగ్గేదాకా మళ్లీ చిక్కన చేస్తే ఆ థ్రాటిల్ దగ్గర రాగల గరిష్ఠ శక్తి వస్తుంది. ఎత్తు మారితే పని మళ్లీ మొదటికే. కిందికి దిగేటప్పుడు నాబ్‌ని కొంచెం కొంచెంగా లోపలికి నెట్టకపోతే, చిక్కని గాలిలో ఇంజన్‌కి ఇంధనం చాలక తడబడుతుంది.

పలచన చేస్తే ఇంజన్ కాలిపోతుందనే భయం పాతదే, సగమే నిజం. సిలిండర్ హెడ్ అన్నిటికన్నా వేడెక్కేది పీక్ దగ్గర కాదు. అంతకు సుమారు 50 డిగ్రీలు ముందే, చిక్కన వైపే. అక్కడ మంట వేగంగా పాకి, పిస్టన్ పైన ఉండగానే పీడనం పతాకస్థాయికి చేరుతుంది. అందుకే “కొద్దిగా చిక్కన పెడితే చల్లగా ఉంటుంది” అనుకుని 50 దగ్గర ఆపడం, ఎక్కువ పవర్‌లో, అన్నిటికన్నా చెడ్డ రాజీ. చిన్న విమానాల్లో వాడే లైకమింగ్ కంపెనీ ఇంజన్లలో చాలావాటికి హెడ్ వేడి పరిమితి 500 డిగ్రీల ఫారన్‌హీట్. క్రూయిజ్‌లో 400 లోపు ఉంచితే సిలిండర్లు మన్నుతాయి. పీక్ దాటి అవతల నడిపితే హెడ్ చల్లబడుతుంది, ఇంధనమూ ఆదా. కానీ కార్బురేటర్ ఇంజన్లలో మిశ్రమం అన్ని సిలిండర్లకూ సమానంగా అందదు, బాగా పలచబడ్డది మిస్ అయి ఇంజన్ వణుకుతుంది.

లోపం పట్టడంలోనూ ఈజీటీ గట్టిదే. ఒక్క సిలిండర్‌లో పొగ వేడి పెరిగి హెడ్ వేడి కాస్త తగ్గితే, ఆ సిలిండర్‌కి ఉండే రెండు ప్లగ్గుల్లో ఒకటి పని చేయట్లేదన్నమాట. హెడ్ వేడి చకచకా ఎగబాకుతూ పొగ వేడి పడిపోతే అది డిటొనేషన్, అంటే మిశ్రమం క్రమంగా కాలకుండా ఒక్కసారిగా పేలడం: వెంటనే పవర్ తగ్గించి, మిశ్రమం చిక్కన చేయాలి. ఇంజన్ నున్నగా నడుస్తుంటే ఒక్క రీడింగ్ మాత్రం సున్నా చూపిస్తోందా? సిలిండర్ జోలికి వెళ్లకముందు ప్రోబ్ వైరు కనెక్టర్ చూడండి.